దేవునికి వందనాలు సరే, చేసిన మనిషికో?

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: ఆపరేషన్ అయి కోలుకున్నాను. మూడు వారాలపాటు నా స్నేహితురాలే రోజూ క్యారేజీ తెచ్చింది, పిల్లల్ని బడికి దింపింది. ఇంట్లో కృతజ్ఞత కూటం, అంటే దేవునికి వందనాలు చెప్పే ప్రార్థన కూడిక, పెట్టాలనుకుంటున్నాను. ఆమె హిందువు. అందరిముందూ "అంతా దేవుడే చేశాడు" అంటే తను పడ్డ కష్టం లెక్కలోకి రాలేదని నొచ్చుకుంటుందేమో. ఎలా జరపాలి?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: మీ భయంలో న్యాయం ఉందమ్మా. "దేవుడు నిన్ను వాడుకున్నాడు" అన్న మాట మన సంఘాల్లో గొప్ప గౌరవం. బయటివాళ్ల చెవికి మాత్రం తననొక పనిముట్టుగా చూసినట్టు వినిపిస్తుంది. తొలి సంఘాలకు ఉత్తరాలు రాసిన అపొస్తలుడు పౌలు అలా రాయలేదు. బైబిల్లో రోమా పత్రిక 16వ అధ్యాయం తీసి చూడండి. ఫీబే తనకూ చాలామందికీ సహాయం చేసిందని, ప్రిస్క, అకుల తన కోసం ప్రాణాలకు తెగించారని, వాళ్లకు తాను కృతజ్ఞుణ్నని పేరుపేరునా రాశాడు. దేవుడిచ్చిన ఈవి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెబితే దేవుని మహిమ తగ్గదు.

అందుకని కూటానికి రెండు మూడు రోజుల ముందే ఆమె ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని వందనం చెప్పండి. చేసిన పనులు విడివిడిగా చెప్పండి: ఫలానా రోజు వానలో తడుస్తూ వచ్చావు, చిన్నోడికి జ్వరమొస్తే మందు తెచ్చావు అని. "చాలా చేశావు" అన్న ఒక్క మాటలో ఇవేవీ కనిపించవు. అప్పుడే "కూటంలో నీ పేరు చెప్పనా?" అని అడగండి. వద్దంటే వదిలేయండి. డబ్బు సర్ది ఉంటే ఎంతిచ్చిందో ఎక్కడా బయటపెట్టకండి. ఆ మాట వీధిలో పాకితే, రేపు అప్పు కోసం ఆమె గుమ్మం తొక్కేవాళ్లు తయారవుతారు.

రోజు ఎంచుకునేటప్పుడు ఆమె నియమాలు కనుక్కోండి. శనివారం మాంసం ముట్టని మనిషైతే మీ బిర్యానీ ముందు ఊరికే కూర్చోవాల్సి వస్తుంది. కార్తీకమాసమైతే మరీ జాగ్రత్త. అందరికీ పులిహోర, పెరుగన్నం పెడితే ఏ ఇబ్బందీ ఉండదు. పాతికమందికి పులిహోరే ప్రధానమైతే రెండున్నర కిలోల బియ్యం పోయండి. పెరుగన్నం కూడా ఉంటే రెండు కిలోలు చాలు.

కూటం గంటలో ముగియాలి. రెండు పాటలు, ప్రార్థన, వాక్య పఠనం కలిపి ఇరవై నిమిషాలు, మీ సాక్ష్యం (మీకు జరిగిన మేలు చెప్పడం) ఐదు, పాస్టరు గారి ప్రసంగం పదిహేను, ముగింపు ప్రార్థనలు పది. మిగిలేది వచ్చినవాళ్లు సర్దుకుని కూర్చోవడానికే సరిపోతుంది. సాక్ష్యం ముందుగా కాగితం మీద రాసుకోండి, లేకపోతే ఆస్పత్రి వివరాల్లోనే పావుగంట గడిచిపోతుంది. ఏమైంది, ఎప్పుడు భయపడ్డారు, ఎవరు ఏం చేశారు, ఇప్పుడెలా ఉన్నారు. ఇంతే చాలు. పాస్టరు గారికి కూడా సమయం సంగతి, వచ్చేవాళ్ల సంగతి ముందే చెప్పండి. వందనం చెప్పడానికి పిలిచిన మనిషిని ఉద్దేశించి మారుమనస్సు గురించి ప్రసంగం చేయడం మర్యాద కాదు. కానుక సంచి తిప్పొద్దు. మీ కృతజ్ఞతార్పణ కవరు తర్వాత మందిరంలో ఇచ్చుకోవచ్చు. ఆమెను లేచి మాట్లాడమని బలవంతపెట్టొద్దు.

ఇంకో సంగతి. లేవీయకాండము 7వ అధ్యాయంలో మొక్కుబడి బలి మాంసం మర్నాడు కూడా తినొచ్చు, కృతజ్ఞతాబలి మాంసం మాత్రం ఆ రోజే తినాలి, తెల్లారేదాకా మిగల్చకూడదు. కారణం అక్కడ రాయలేదు. కానీ ఒక పశువు మాంసం ఒక్క ఇంటివాళ్లు ఒక్క రోజులో తినగలరా? నలుగుర్నీ పిలవాల్సిందే. మీ స్నేహితురాలు ఆ నలుగురిలో మొదటి మనిషి.

ప్రశ్న: రోజూ రాత్రి ప్రార్థనలో "మంచి కుటుంబాన్ని, మంచి స్నేహితుల్ని ఇచ్చినందుకు వందనాలు" అంటాను. మాటలు అరిగిపోయాయి, మనసు పలకడం లేదు.
- ఒక సోదరుడు, ఖమ్మం

జవాబు: మాటల్లో వివరం లేకపోవడమే ఇబ్బంది. 136వ కీర్తన చూడండి. 26 వచనాలు, ప్రతిదాని చివరా ఒకే పల్లవి. అయినా విసుగు పుట్టదు, ఎందుకంటే పల్లవికి ముందు ప్రతిసారీ ఒక కొత్త సంగతి ఉంటుంది: సూర్యుడు, చంద్రుడు, పాయలైన ఎర్రసముద్రం, పేరుతో సహా సీహోను, ఓగు అనే రాజులు.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. రోజుకు మూడు వాక్యాలు. తేదీ, మనిషి పేరు, చేసిన పని. "స్నేహితులు" అని కాదు, "సాయంత్రం బండి ఆగిపోతే ఫలానావాడు పెట్రోలు తెచ్చాడు" అని. మొదటి రోజు ఉత్సాహంగా పదిహేను రాసేవాళ్లు వారం తిరక్కుండానే మానేస్తారు, మూడు దాటొద్దు. ఏమీ తోచని రోజు వేడి అన్నం, కుళాయిలో నీళ్లు రాసినా తప్పు లేదు. ఒక్కటి మాత్రం కనిపెట్టుకుని ఉండండి: "వాళ్లకు లేనిది నాకుంది" అన్న వాక్యం దొర్లితే కొట్టేయండి. లూకా 18లో పరిసయ్యుడి (నియమనిష్ఠల యూదుడి) ప్రార్థన కూడా కృతజ్ఞతతోనే మొదలైంది, ఇతరుల్లాంటి వాణ్ని కానందుకు.

ఆదివారం ఆ వారం పేజీలు తిరగేసి ఒక్క పేరు ఎంచుకుని ఫోన్ చేయండి. ఫార్వర్డ్ మెసేజీ పంపితే చెప్పినట్టు కాదు.

ప్రశ్న: పదేళ్లు స్నేహంగా ఉన్నవాడితో ఇప్పుడు మాటలు లేవు. ఆ స్నేహం కూడా దేవుని వరమేనా?
- ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: అవును. మార్కు అనే తోటి సేవకుణ్ని వెంట తీసుకెళ్లాలా వద్దా అని తీవ్రంగా వాదులాడుకుని పౌలు, అతని సహచరుడు బర్నబా విడిపోయారు (అపొస్తలుల కార్యములు 15). అదే మార్కును తన దగ్గరికి తీసుకురమ్మని, తనకు ప్రయోజనకరమైనవాడని పౌలు తర్వాత తన శిష్యుడు తిమోతికి రాశాడు. మీ స్నేహితుడి వల్ల కలిగిన మేలు ఇప్పటికీ మేలే, దాని కోసం వందనం చెప్పండి. అతని డబ్బో వస్తువో మీ దగ్గర ఉంటే ముందు తిరిగి ఇచ్చేయండి, లేకపోతే ఏ మాటా నమ్మడు. తర్వాత రెండు వాక్యాల ఉత్తరం చాలు: ఫలానా రోజు చేసిన సాయం మర్చిపోలేదని. తప్పెవరిదో అందులో తేల్చకండి. మధ్యవర్తిని పంపకండి.