చార్టంతా చదివిన పిల్లాడు

చిరంజీవి అమ్ములుకి పెదనాన్న ఆశీస్సులు.

పొదిలి దగ్గర విజన్ సెంటర్లో చేరుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా తర్వాత మన ఇంట్లో కళ్లు చూసేదానివి నువ్వేనని ఒకటే మురిపెం. ఆ రోడ్డున స్కూటీ మీద ఒక్కదానివే ఎలా తిరుగుతావోనని దిగులు కూడా. సాయంత్రం అయిదింటికల్లా బయల్దేరు. ఇందులో వాదన లేదు.

చార్టుకీ కుర్చీకీ ఆరు మీటర్లు కొలుచుకో, లెన్సుల పెట్టె రోజూ తుడుచుకో. ఇవి నీకు నేను చెప్పేదేంటి! చెప్పాల్సింది రేచీకటి గురించి.

1986లో ఒక తల్లి పదేళ్ల కొడుకుని తీసుకొచ్చింది. పొద్దుగూకితే నులకమంచానికి కొట్టుకుంటున్నాడు, వాకిట్లో పడుకున్న కుక్కని తొక్కుతున్నాడు అంది. చార్టు చూపిస్తే కింది వరుసదాకా గడగడా చదివేశాడు. 6/6, అంటే చూపు నిండుగా ఉన్నట్టే. తెల్లగుడ్డు మీద విటమిన్ ఎ లోపంతో వచ్చే నురగలాంటి బిటాట్ మచ్చల్లేవు, పొడిబారడం లేదు. అయినా నా బుర్రలో రేచీకటంటే విటమిన్ ఎ లోపమే. చెంచాడు మందు తాగించి, మునగాకు పెట్టమని పంపేశాను. లేచేముందు వాడు పక్కనే ఉన్న మంచినీళ్ల గ్లాసు కోసం బల్లంతా తడిమాడు. చూశాను. ఆకతాయితనం అనుకున్నాను.

ఆవిడ మళ్లీ వచ్చింది. ఇంకోసారీ వచ్చింది. "ఇంట్లో మునగాకు పెట్టకుండా నా చుట్టూ తిరిగితే తగ్గుతుందా?" అని పదిమందిలో కసిరాను. మారు మాట్లాడలేదు. గడప పైకమ్మి తగలకుండా పిల్లాడి నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి దాటించుకుని వెళ్లిపోయింది.

మూడేళ్లకి క్యాంపుకొచ్చిన డాక్టరుగారు వాడికి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించి, కంటి లోపల చూసే ఆఫ్తాల్మోస్కోపు నా చేతికిచ్చి చూడమన్నారు. కంటి వెనక పొర, అదే రెటీనా, దాని అంచుల వైపంతా సాలీడు కాళ్లలాంటి నల్లమచ్చలు. రక్తనాళాలు దారప్పోగుల్లా ఉన్నాయి. కంటినరం మొదలు మైనంలా పాలిపోయింది. రెటినైటిస్ పిగ్మెంటోసా, వంశంలో వచ్చే జబ్బు. మసకలో పనికొచ్చే రాడ్ కణాలు ముందు పోతాయి, చూపు పక్కల నుంచి మూసుకొస్తుంది, నడిమి చూపు చాలాకాలం నిలుస్తుంది. వాడు చార్టు చదివిందీ అందుకే, గ్లాసు కనపడందీ అందుకే.

"నువ్వూ మీ ఆయనా చుట్టాలా?" అని డాక్టరుగారు ఆవిణ్ణి అడిగారు. సొంత మేనమామే మొగుడు. మూడేళ్లలో నేనొక్కసారీ ఆ ప్రశ్న అడగలేదు. ఈలోగా పెద్దకూతుర్ని తన తమ్ముడికే ఇచ్చి చేసింది.

కాబట్టి అమ్మలూ, రాత్రిళ్లు కనపడటం లేదని ఎవరొచ్చినా చుక్కలేసి రెటీనా చూడనిదే పంపకు. వేలు పక్కనుంచి తెస్తూ ఎక్కడ కనపడిందో అడుగు. చెవులు సరిగా వినిపిస్తున్నాయా, ఆరోవేలు ఉందా అన్నదీ చూడు. కొన్ని రకాల్లో అవి కలిసే వస్తాయి. మేనరికం గురించి అడుగు, కానీ నేరం మోపినట్టు అడక్కు. మీ నాయనమ్మదీ మేనరికమే. పైగా మేనరికం లేని ఇళ్లలోనూ ఈ జబ్బు ఉంటుంది. తల్లీతండ్రీ ఇద్దరిలోనూ అదే లోపం దాగి ఉంటే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ముందు పిల్లకి వచ్చింది కదా, తర్వాతి పిల్లకి రాదులే అనుకుంటారు జనం. ఆ లెక్క విడమర్చి చెప్పు.

నయం చేస్తామని పసరు అమ్మేవాళ్ల సంగతి నీకు తెలుసు. 2017లో అమెరికాలో ఒక జన్యు మందుకి అనుమతొచ్చింది గానీ అది ఆర్‌పిఇ65 అనే ఒక్క జన్యువుకే. అయినా కంటికి పొరలు (శుక్లాలు) వస్తే ఆపరేషన్ ఉంది, రెటీనా నడిమిన నీరు చేరితే మందుంది, ఊరికే తిప్పి పంపకు. చార్టు చదివినా సరే, చూపు వెడల్పు 40 డిగ్రీల కంటే తగ్గి 10 దాకా ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం తక్కువచూపే. సర్టిఫికెట్ దారి చూపించు.

ఆ పిల్లాడికిప్పుడు యాభై దగ్గర పడ్డాయి. కిరాణా కొట్టు నడుపుతున్నాడు, నోట్లు వేళ్లతో కొలిచి తీసుకుంటాడట. వాళ్లది నీ సెంటరుకి దగ్గర ఊరే. తల్లి ఇంకా ఉంది. పొరల వయసు, నీ దగ్గరికే వస్తుంది. వస్తే మునగాకు మాట ఎత్తి, తప్పు ఆవిడది కాదని చెప్పు. నాకు నోరు రాలేదు.

మీ పెదనాన్న