కొత్త స్కీలు డిసెంబరులోనా, మార్చిలోనా?

ప్రశ్న: మేం అమెరికాలో సియాటెల్ పక్కన బోథెల్‌లో ఉంటాం. నాకు 37 ఏళ్లు, హెచ్-1బీ మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా వారు హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వాళ్ల జీవిత భాగస్వామికిచ్చే పని అనుమతి) మీద పనిచేస్తున్నారు. ఒక పాప. ఇంటి అద్దె, పాప డేకేర్, కొంపల్లి ఫ్లాట్ ఈఎంఐ, అమ్మానాన్నలకు పంపేది అన్నీ కలిపి నెలకు 6,800 డాలర్లు ఖర్చవుతోంది. 401కె (రిటైర్మెంట్ పొదుపు) కోత పోగా చేతిలో నెలకు 600 మిగులుతోంది. అత్యవసరానికని బ్యాంకులో 9,000 ఉంచాం. మార్చిలో బోనస్ వస్తుంది, పన్ను పోగా 4,200.

నా ఆల్-మౌంటెన్ (అన్ని రకాల మంచుకూ పనికొచ్చే) స్కీలు 2016లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవి, స్కీ నడుము (మధ్యభాగం) దగ్గర వెడల్పు 84 మిల్లీమీటర్లు. బూట్లు మాత్రం రెండేళ్ల కిందట కొత్తవి తీసుకున్నాను. సీజన్ పాస్ ఉంది, స్టీవెన్స్ పాస్ అనే స్కీ రిసార్టులో ఏడాదికి పదిహేను రోజుల దాకా స్కీ చేస్తాను. ఈమధ్య మిషన్‌తో చదును చేసిన రన్‌లు వదిలేసి చెట్ల మధ్య, మెత్తటి మంచులో దిగడం బాగా నచ్చుతోంది. అక్కడ పాత స్కీలు కూరుకుపోతున్నాయి. 106 మిల్లీమీటర్ల స్కీలు 799, బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచేది) 329, బిగించినందుకు 60. వడ్డీ లేకుండా 12 వాయిదాలు ఇస్తామంటున్నారు షాపు వాళ్లు. మా వారేమో "అంత మంచు పడే రోజులు ఏడాదికి ఐదు. 70 డాలర్లకు అద్దెకిస్తారు కదా. లేదంటే పోర్ట్‌లాండ్ వెళ్లి టాక్స్ లేకుండా కొనుక్కుందాం" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: కొనుక్కోండి, కాకపోతే మార్చి దాకా ఆగండి. ఈలోగా షాపులో ఒక పరీక్ష చేయించుకోవాలి. 106 కొనాలా, కొంచెం సన్నవి కొనాలా అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

ఆగమనడానికి కారణం స్కీల ధర కాదు, మీ వీసా. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇంకో కంపెనీ చేత పిటిషన్ వేయించుకోవడానికి 60 రోజుల దాకా గడువుంటుంది. ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) తేదీ అంతకంటే ముందుంటే గడువు ఇంకా తగ్గుతుంది. మీ వారి ఈఏడీ మీ వీసాను పట్టుకునే ఉంది కాబట్టి మీకు వచ్చిన చిక్కు ఆయనకూ వస్తుంది. ఇంట్లో రెండు జీతాలున్నట్టు కనిపిస్తుంది గానీ రెండూ ఒకే కొక్కేనికి వేలాడుతున్నాయి. మీ దగ్గరున్న 9,000 నెలకు 6,800 చొప్పున 40 రోజులకు సరిపోతుంది. ఇప్పుడే స్కీలు కొంటే 1,188కి దాదాపు 10 శాతం సేల్స్ టాక్స్ కలిసి 1,307 అవుతుంది. (బిగింపు కూలీకి కూడా టాక్స్ పడుతుంది, వాషింగ్టన్‌లో అంతే.) అది తీస్తే మిగిలేది 34 రోజుల ఖర్చు. ప్రభుత్వం ఇచ్చే గడువు 60 రోజులైతే మీ నిల్వ అందులో సగానికి కాస్త ఎక్కువ. నాకు ఇది నచ్చలేదు.

మార్చి లెక్క వేరు. అప్పటికి మూడు నెలల మిగులు 1,800 కలిసి 10,800 అవుతుంది, పైన బోనస్ 4,200. అందులోంచి 913 పెట్టి స్కీలు కొన్నా 14,087 ఉంటుంది. 60 రోజుల ఖర్చు 13,600 కాబట్టి గీత దాటేశారు. ఆ 913 ఎక్కడిదో కింద చెబుతాను. రెండు నెలల నిల్వతో మీరు నిశ్చింతగా ఉండొచ్చని నేననడం లేదు. వీసా మీద ఉన్న కుటుంబానికి ఆరు నెలలుండాలన్నదే నా పట్టుదల. అయినా ఆరు నెలలు పోగయ్యేదాకా స్కీల మాటెత్తొద్దు అంటే మీరు వినరు, వినాల్సిన అవసరం కూడా లేదు. పాస్ చేతిలో ఉంది, కొండ రెండు గంటల లోపు దూరంలో ఉంది, మీకు ఇదొక్కటే సరదా అని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది.

ఇక షాపులో చేయించాల్సిన పరీక్ష. మీరు స్కీల గురించి రాశారు, బూట్ల గురించి ఒక వాక్యంలో తేల్చేశారు. నాకు ముందు అనుమానం వచ్చింది ఆ వాక్యం దగ్గరే. బూటు తిరగేసి అడుగు చూడండి. వేళ్ల వైపు రబ్బరు పట్టీ ఉండి, నడవడానికి వీలుగా అడుగు కొంచెం పైకి వంగి, పక్కన "గ్రిప్‌వాక్" అని అక్షరాలుంటే అది కొత్త రకం. రెండేళ్ల కిందట కొన్నారంటే ఎక్కువగా అదే అయి ఉంటుంది. పాత బైండింగ్‌లు చాలావరకు చదునుగా, గట్టిగా ఉండే పాత రకం అడుగుకు తయారైనవి. ఈ రెండింటినీ జతచేస్తే బూటు పట్టుకున్నట్టే ఉంటుంది, పడినప్పుడు మాత్రం ఊడాల్సిన సమయంలో ఊడకపోవచ్చు. ఊడకపోతే మోకాలు మెలిపడుతుంది. 2016లోనే సెకండ్‌హ్యాండ్ అంటే మీ బైండింగ్‌కు పదేళ్లు దాటినట్టే. బైండింగ్ కంపెనీలు ఏ మోడళ్లకు తమ పూచీ ఉందో ఏటా షాపులకు జాబితా ఇస్తాయి. అందులోంచి తీసేసిన మోడల్‌ను మామూలుగా షాపు వాళ్లు సర్దడానికి ఒప్పుకోరు. వాళ్లు ఒప్పుకుంటే బూటును బైండింగ్‌లో పెట్టి ఎంత బలానికి ఊడుతోందో మిషన్ మీద కొలుస్తారు. కొత్త స్కీలకంటే ముందు ఈ చిన్న ఖర్చు పెట్టండి, ఈ వారమే.

అక్కడ రెండు మాటల్లో ఏదో ఒకటి వింటారు.

"బాగానే ఉంది" అంటే పాతవి అమ్మకండి. అంత పాత స్కీలకు వచ్చే డబ్బు పాప షూసుకు కూడా చాలదు. గట్టి మంచు రోజులకు అవే ఉంచుకుని, మంచు బాగా పడిన రోజులకు 106 కొనుక్కోవచ్చు. 84కీ 106కీ మధ్య తేడా బాగానే ఉంది కాబట్టి రెండు జతలు పెట్టుకోవడంలో అర్థం ఉంది.

"ఇది పనికిరాదు" అంటే కథ మారిపోతుంది. అప్పుడు మీకు ఉండేది ఒక్క జతే, పదిహేను రోజులూ దాని మీదే దిగాలి. 106 మెత్తటి మంచులో తేలుతుంది, నిజమే. కానీ రాత్రి గడ్డకట్టిన మంచు మీద ఒక అంచు నుంచి ఇంకో అంచుకు తిప్పాలంటే బరువుగా ఉంటుంది, ఆ భారమంతా మోకాళ్లే మోయాలి. మీ పదిహేను రోజుల్లో పది రోజులు అలాంటి మంచే. స్టీవెన్స్ పాస్ ఉన్న క్యాస్కేడ్ కొండల్లో పడేది యూటాలో లాంటి పొడి మంచు కాదు, నీళ్లు పట్టిన బరువు మంచు. అక్కడివాళ్లు దాన్ని క్యాస్కేడ్ కాంక్రీట్ అంటారు కదా. దాన్ని చీల్చుకుని వెళ్లాలంటే వెడల్పుతో పాటు స్కీలో కొంత బిగువు కూడా ఉండాలి. ఒక్క జతకే డబ్బు పెడితే 96 నుంచి 100 మధ్య చూడమంటాను. షాపు కుర్రాడు 106, 110 అంటాడు. అతనికి కొండ మీద వారానికి నాలుగు రోజులు గడుస్తాయి, మీకు సోమవారం పొద్దున స్టాండప్ మీటింగ్ ఉంటుంది.

పాత బైండింగ్ విప్పి కొత్త వాటికి వేసుకుంటే 329 మిగలదా అన్న ఆశ ఉంటే వదిలేయండి. ఆ కాలపు ఆల్-మౌంటెన్ స్కీలలో చాలావాటికి బైండింగ్ స్కీతో వచ్చిన పట్టాల మీద జారుతుంది, ఇంకో స్కీకి ఎక్కదు. విడిగా వచ్చినా దాని బ్రేకు కొమ్ములు (ఊడిన స్కీ జారిపోకుండా ఆపేవి) 84కు సరిపడేవి, 106 స్కీని దాటి కిందికి దిగవు. బ్రేకు స్కీ నడుము కంటే కొంచెం వెడల్పుగా ఉండాలి, మరీ ఎక్కువైతే మంచులో తట్టుకుంటుంది. కొత్త బైండింగ్ కొనేటప్పుడు బిల్లులో బ్రేకు సైజు ఎంత రాశారో చూసుకోండి. తర్వాత మార్చాలంటే మళ్లీ చేతి చమురు.

ధర సంగతి. స్కీ షాపులకు సెప్టెంబరులో కొత్త సరుకు వస్తుంది, ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా ఆ ఏడాది సరుకు వదిలించుకుంటారు. మూడో వంతు తగ్గడం మామూలే. చాలాసార్లు మరుసటి ఏడాది మోడల్‌లో మారేది పైన రంగు మాత్రమే. 799 స్కీ 520కి, బైండింగ్ 250కి దొరికితే, బిగింపు 60 కలిపి 830, టాక్స్‌తో 913. నేను పైన వేసిన లెక్క అదే. మీ పొడవు స్కీ అప్పటికి అయిపోయే ప్రమాదం లేకపోలేదు, కాబట్టి ఒక్క మోడల్ మీద మనసు పెట్టుకోకుండా రెండు మూడు చూసి ఉంచుకోండి.

మీ వారు చెప్పిన అద్దె సలహా సగం సరైనది. ఏడాదికి ఐదు రోజులు, రోజుకు 70 అంటే 350. పూర్తి ధరకు కొంటే 1,307 తిరిగి రావడానికి నాలుగు సీజన్లు పడుతుంది. 913కు కొంటే పదమూడు రోజుల అద్దె, మూడో సీజన్ పూర్తికాకముందే తేలిపోతుంది. పైగా అద్దె స్కీకి మీరు అలవాటు పడలేరు. మార్చి దాకా మాత్రం ఆయన మాట వినండి: మంచు బాగా పడిన మూడు రోజులు మూడు రకాల స్కీలు అద్దెకు తీసుకోండి, ఒకటి 98 దగ్గర, ఒకటి 106 దగ్గర. 210 ఖర్చవుతుంది. అది పోయినా మీ నిల్వ 60 రోజుల గీత మీదే ఉంటుంది, 13,877. ఇలా కొనేముందు వాడిచూసిన డెమో స్కీల అద్దెను కొనుగోలులో తగ్గించే షాపులు ఉంటాయి, ముందే అడిగి రసీదులు దాచుకోండి.

పోర్ట్‌లాండ్ సలహా మాత్రం వద్దు. ఒరెగాన్‌లో సేల్స్ టాక్స్ లేదు, నిజమే. కానీ వాషింగ్టన్‌లో ఉండేవాళ్లు అక్కడ కొని ఇక్కడికి తెచ్చి వాడితే అంతే మొత్తం యూజ్ టాక్స్ కింద వాషింగ్టన్‌కు కట్టాలి. చాలామంది కట్టరు. వీసా మీద ఉన్న మనిషికి ఎనభై తొంభై డాలర్ల కోసం పన్ను ఎగ్గొట్టమని నేను చెప్పను. రానూపోనూ మూడున్నర వందలకు పైగా మైళ్ల పెట్రోలు ఎలాగూ ఉంది.

వడ్డీ లేని 12 వాయిదాల్లో మోసం ఉందని కాదు. నెలకు 109, మీ 600లోంచి సులువుగా పోతుంది. దానితో వచ్చే తంటా ఏంటంటే డిసెంబరు ధరకు ఒప్పుకోవాలి. పైగా ఉద్యోగం పోయిన నెలలో కూడా ఆ 109 కట్టాలి. దాదాపు 400 డాలర్లు ఎక్కువ పెట్టి వడ్డీ లేదని సంతోషపడటం ఎందుకు?

ఉత్తరంలో మీరు రాయనిది ఒకటి అడగాలి. చెట్ల మధ్య దిగడం అంటే మీ ఉద్దేశం రిసార్టు హద్దుల లోపలేనా, గేటు దాటి బయటికా? సెవెంత్ హెవెన్ లిఫ్టు కింద చెట్ల మధ్య దిగినా అది హద్దు లోపలే, అక్కడ మంచు చరియలు విరిగిపడే ముప్పును స్కీ పెట్రోల్ (రిసార్టు భద్రతా సిబ్బంది) చూసుకుంటుంది. వాళ్లు మూసినవి తెరిచేదాకా ఆగండి. గేటు దాటితే చూసేవాళ్లు ఉండరు. అక్కడి కౌబాయ్ మౌంటెన్ వెనక వైపు టన్నెల్ క్రీక్‌లో 2012 ఫిబ్రవరి 19న మంచు చరియ విరిగిపడి ముగ్గురు చనిపోయారు. వాళ్లు కొత్తవాళ్లు కాదు, ఆ కొండ తెలిసినవాళ్లే. వెడల్పు స్కీలు కొన్నాక స్నేహితులు "పద, వెనక్కి వెళ్దాం" అనడం మామూలు. ఖర్చు తడిసి మోపెడయ్యేది అక్కడే. మంచు కింద మనిషిని కనిపెట్టే ట్రాన్స్‌సీవర్, మంచులో గుచ్చి వెతికే ప్రోబ్ కర్ర, పార, మూడు రోజుల మొదటి స్థాయి శిక్షణ కలిపితే వెయ్యి డాలర్లకు పైమాటే. అవి లేకుండా గేటు దాటొద్దు. ఆ వెయ్యి ఈ ఏడాది మీ బడ్జెట్‌లో లేదు కాబట్టి ఈ ఏడాది గేటు కూడా లేదు. నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ రోజూ ఇచ్చే అంచనా ఉచితం, దాన్ని చదవడం ఇప్పుడే అలవాటు చేసుకోండి.

హద్దు లోపల ఉన్నా మోకాలికి గ్యారంటీ లేదు. లిగమెంటు తెగి ఆపరేషన్ అంటే మీ హెల్త్ ప్లాన్‌లో ఏడాదికి జేబులోంచి కట్టాల్సిన గరిష్ఠ మొత్తం దాదాపు పూర్తిగా పోతుందనుకోండి. అదెంతో ప్లాన్ పత్రంలో చూసి, ప్లాన్‌కు హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకు దాచుకునే ఖాతా) ఉంటే ముందు అందులో వేయండి. పని చేయలేని వారాలకు వాషింగ్టన్ రాష్ట్రపు పెయిడ్ మెడికల్ లీవ్ కింద 12 వారాల దాకా జీతంలో కొంత భాగం వస్తుంది, అది మీకు తెలిసే ఉంటుంది. ఇండియాలో టర్మ్ పాలసీ ఉంటే, దానికి ప్రమాద రైడర్ కూడా తీసుకుని ఉంటే, మినహాయింపుల పేజీ చదవండి. సాహస క్రీడల్లో జరిగిన ప్రమాదాన్ని చాలా రైడర్లు పక్కన పెట్టేస్తాయి. కొత్తగా పాలసీ తీసుకునేటప్పుడు ప్రపోజల్ ఫారంలో హాబీల గడి దగ్గర స్కీయింగ్ రాయండి, ప్రీమియం కొంచెం పెరిగినా సరే.

చివరిగా పాస్ సంగతి. వచ్చే సీజన్ పాస్ కూడా వసంతంలోనే అన్నింటికంటే చవకగా అమ్ముతారు, అంటే మీ బోనస్ మీద స్కీలతో పాటు దాని కన్ను కూడా ఉంటుంది. నెలకు 6,800లో పాస్ కలిపారో లేదో మీరు రాయలేదు. కలపకపోతే మార్చిలో ముందు దాని డబ్బు విడిగా తీసి పెట్టి, నేను వేసిన 60 రోజుల లెక్క మళ్లీ వేసుకోండి. గీత కిందికి దిగితే ఈ సీజన్ అద్దె స్కీలతో ముగించి, కొనడాన్ని వచ్చే మార్చికి జరపండి.