థార్ గ్రిల్‌కి జాలీ: ముందు కన్ను చూడండి, తర్వాతే అందం

బొబ్బిలి నుంచి అడిగిన తమ్ముడికి. మహీంద్రా థార్ గ్రిల్ (బండి ముందు గాలి దూరే చట్రం) వెనక జాలీ ఇన్సర్ట్ వేస్తే ఇంజన్ వేడెక్కుతుందా, ఇంట్లోనే బిగించుకోవచ్చా, చెకింగ్‌లో ఆపుతారా, ఇవే కదా మీ సందేహాలు. నాది 2021 డీజిల్ థార్, ఉండేది శ్రీకాకుళం. ఇప్పుడు నా బండికి ఉన్నది రెండో జాలీ. మొదటిది పీకేయాల్సి వచ్చింది, ఆ అనుభవం మీకు వద్దు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

అసలు నేను జాలీ గురించి ఆలోచించింది ఒక రాయి వల్ల. టెక్కలి నుంచి వస్తున్నాను, అటు గ్రానైట్ క్వారీలు ఉన్నాయి కదా, హైవే మీద నా ముందు ఒక టిప్పర్, పైన టార్పాలిన్ సగమే కట్టి ఉంది. గోలీకాయంత కంకర రాయి రోడ్డు మీద పడి ఎగిరింది, ముందు ఎక్కడో టక్‌మని చప్పుడు. అద్దం బాగానే ఉంది కదా అని వచ్చేశాను. నరసన్నపేట దగ్గరికి వచ్చేసరికి ఏసీలోంచి వేడిగాలి. పక్కకి ఆపి టార్చి వేసి చూస్తే, గ్రిల్ సందులోంచి దూరిన రాయి, ఏసీ గ్యాస్‌ని చల్లబరిచే కండెన్సర్ రేకుల్ని ఒకచోట లోపలికి నొక్కేసింది, ఆ గుంట చుట్టూ అరచేయంత నూనె మరక, దాని మీద అప్పుడే దుమ్ము అంటుకుంటోంది. గ్యాస్‌తో పాటు లోపలి నూనె కూడా బయటికి వస్తుంది కాబట్టి ఆ మరకే లీకుకి గుర్తు. కండెన్సర్ మొత్తం మార్చాల్సి వచ్చింది.

చాలామంది గ్రిల్ వెనక వెంటనే రేడియేటర్ ఉంటుందనుకుంటారు. ముందు ఉండేది ఏసీ కండెన్సర్, దాని వెనక రేడియేటర్, ఆ వెనక ఫ్యాన్. అంటే దెబ్బ ముందు తగిలేది పల్చటి అల్యూమినియం రేకులకి. జాలీ అవసరం అక్కడ. కానీ గాలి వెళ్లాల్సిన దారీ అదే, దానికి అడ్డం పెడితే ఏసీ, ఇంజన్ రెండూ ఇబ్బంది పడతాయి. కాబట్టి మీ మొదటి ప్రశ్నకి జవాబు: వేడెక్కడం, వేడెక్కకపోవడం జాలీ కన్ను మీద, అంటే తీగల మధ్య ఖాళీ ఎంత అన్నదాని మీద ఉంటుంది.

నేను మొదటిసారి చేసిన తప్పు అదే. ఎంత సన్నగా ఉంటే అంత రక్షణ అనుకుని, కిటికీలకి కొట్టే దోమల జాలీ లాంటిది వేయించేశాను. ఊళ్లో తిరిగినన్నాళ్లు తేడా తెలియలేదు. దీపావళి రోజుల్లో రాత్రిపూట పాలకొండ వైపు నుంచి వస్తే పచ్చదోమ మబ్బులా లైట్ల మీదికి వస్తుంది, అదంతా జాలీకి కొట్టుకుని అతుక్కుపోయింది. ఆ తర్వాత నూర్పుల రోజులు, రోడ్ల మీదే ధాన్యం ఆరబోస్తారు, గాలికి లేచిన పొల్లు, గడ్డిపోచలు ఆ జిగురు మీద పొరలా పేరుకున్నాయి. సీతంపేట ఘాట్ రెండో గేర్‌లో ఎక్కుతుంటే ఫ్యాన్ ఆగకుండా హోరుమంటోంది, ఏసీ చల్లదనం సగానికి పడిపోయింది, టెంపరేచర్ మీటర్ ఎప్పుడూ నిలిచే చోటు దాటి పైకి జరిగింది. అప్పుడు మాత్రం టెన్షన్ పడ్డాను.

మర్నాడు ఏసీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. కళింగపట్నం వైపు మనిషి, వాళ్లింట్లో చేపల వేట చేసేవాళ్లే. చూడగానే, "ఏటి బావూ, బండి మొకానికి దోమతెర కట్టీసినావు? ఇంత సన్న కన్నయితే దానికి ఊపిరెలాగ ఆడతాది?" అన్నాడు. వలకి కన్ను ఎంచుకున్నట్టే జాలీకీ ఎంచుకోవాలి, ఏది ఆపాలో ఏది వదలాలో ముందు తేల్చుకో అని చెప్పాడు. నాకు విషయం అర్థమైంది అక్కడే. ఆపాల్సింది కంకర రాయిని, పెద్ద ఆకుల్ని, గడ్డి కట్టల్ని. దోమని ఆపాల్సిన పని లేదు, అది లోపలికి పోయినా నీళ్లతో కడిగేయొచ్చు.

కొనేముందు ఈ చిన్న లెక్క చేయండి. కన్ను కొలతని, కన్ను ప్లస్ తీగ మందంతో భాగించండి, వచ్చినదాన్ని దానితోనే గుణించండి. కన్ను 6 మి.మీ., తీగ 1 మి.మీ. అయితే 6ని 7తో భాగించి వర్గం చేస్తే 73 శాతం ఖాళీ. అదే కన్ను 5, తీగ 2 అయితే 51 శాతమే, అంటే సగం గోడ కట్టినట్టు. 70 శాతానికి తగ్గితే నేనైతే తీసుకోను. మార్కెట్‌లో చూడ్డానికి బాగుండే చిల్లుల రేకులు ఉంటాయి, చిల్లుల మధ్య రేకు వెడల్పుగా ఉంటే వాటిని కూడా వదిలేయండి. పెయింట్ మందంగా వేసినా కన్ను మూసుకుంటుంది, నలుపు కావాలంటే రెండు పల్చటి కోట్లు చాలు.

లోహం సంగతి. స్టెయిన్‌లెస్ అని చెప్పి 202 గ్రేడ్ అంటగడతారు, అది మన ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుందంటారు గాని, 202కీ, తుప్పుకి బాగా తట్టుకునే 304కీ రెండింటికీ అయస్కాంతం పెద్దగా అంటదు, ఆ పరీక్షని నమ్మకండి, బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి. మీకు బొబ్బిలిలో 304 సరిపోతుంది. బారువ, కళింగపట్నం లాంటి సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకి 316 మేలు, ఖరీదు ఎక్కువే.

బిగించడం ఇంట్లోనే చేసుకోవచ్చు, ఒక పూట పని. పది గంటలు దాటాక, ఎండ కాస్త తగిలాక మొదలుపెట్టండి. చలికాలం పొద్దున్నే ప్లాస్టిక్ బిగుసుకుని ఉంటుంది, నాకు రెండు క్లిప్పులు అలాగే విరిగాయి. ఇంజన్ చల్లగా ఉండాలి. బానెట్ ఎత్తాక పైన కనిపించే క్లిప్పుల నడుమ బొడిపె ఉంటుంది, దాన్ని సన్న మైనస్ స్క్రూడ్రైవర్‌తో పైకి లేపితేనే క్లిప్పు వదులుతుంది, మొత్తాన్ని ఒకేసారి పీకితే తెగుతుంది. తీసిన ప్రతిదీ ఒక స్టీలు గిన్నెలో వేసుకోండి. కింది పట్లు ఒక్కో వైపు నుంచి రెండు చేతులతో నెమ్మదిగా లాగాలి, చుట్టూ పెయింట్ మీద ముందే మాస్కింగ్ టేప్ వేసుకుంటే గీతలు పడవు.

గ్రిల్‌ని దుప్పటి మీద బోర్లా వేసి, వెనక అట్టముక్క పెట్టి ఆకారం గీయండి. ఆ అట్టని కత్తిరించి సరిపోతుందో లేదో చూసుకున్నాకే జాలీ మీద కత్తెర పెట్టండి. రేకుల కత్తెర, చేతులకి మందపాటి గ్లౌజులు తప్పనిసరి, తెగిన తీగ కొసలు సూదుల్లా ఉంటాయి. అంచులు ఆకురాయితో రుద్ది చుట్టూ రబ్బరు బీడింగ్ ఎక్కిస్తే గతుకుల్లో చప్పుడు రాదు.

కట్టడానికి నల్ల నైలాన్ టైలు వాడండి, ఎండకి తట్టుకునే రకం అని అడిగి మరీ తీసుకోండి. తెల్లవి కొన్నాళ్లకే ఎండకి పెళుసెక్కి తెగిపోతాయి. గ్లూ గన్ జిగురు, డబుల్ సైడ్ టేప్ వద్దే వద్దు, అక్కడి వేడికి మెత్తబడి జాలీ జారుతుంది. గ్రిల్‌కి కొత్త రంధ్రాలు కొట్టకుండా దాని వెనక ఉన్న పట్టీలకే కట్టండి, రేపు తీసేయాలన్నా బండి పాతలాగే ఉంటుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను, జాలీ కండెన్సర్‌కి తగలకూడదు. రెండు వేళ్లు దూరేంత ఖాళీ ఉండాలి. తగిలితే రాపిడికి రేకులు అరుగుతాయి, దానికి తోడు స్టీలూ అల్యూమినియం ఉప్పు తేమలో ఆనుకుని ఉంటే అల్యూమినియంని తుప్పు తినేస్తుంది. ఎదుటి బండ్లని పసిగట్టే రాడార్ ముందు ఉన్న బండి అయితే దానికి ఎదురుగా మెటల్ జాలీ అసలు రానివ్వకండి.

చెకింగ్ విషయం. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ మార్పుల గురించే, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని చెప్పింది. బంపర్ ముందు బిగించే బుల్ బార్లని ఆపించమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకి రాసింది. గ్రిల్ లోపల, బయటికి పొడుచుకు రాకుండా, నంబర్ ప్లేటుకి అడ్డం లేకుండా ఉన్న జాలీని నా బండికి ఇంతవరకు ఎవరూ ప్రశ్నించలేదు. ఎరుపు, నీలం లైట్లు ఉన్న ఇన్సర్ట్‌లు మాత్రం కొనకండి. వాటికోసం వైరింగ్ కోస్తారు, వారంటీ దగ్గర పేచీ వచ్చేది కూడా అక్కడే. బండి వారంటీలో ఉంటే సర్వీస్ సెంటర్‌లో ముందే అడిగి కాగితం మీద తీసుకోండి.

బిగించాక మీకు దగ్గర్లోనే సాలూరు ఘాట్ ఉంది కదా, మధ్యాహ్నం ఏసీ వేసి ఒకసారి ఎక్కి దిగండి. పైన ఆపి ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి చూడండి, టెంపరేచర్ మీటర్ ఎప్పుడూ ఉండే చోటే ఉండి ఏసీ చల్లగా వస్తుంటే కన్ను సరిపోయినట్టే. దిగొచ్చాక టైలన్నీ చేత్తో లాగి చూసుకోండి. నూర్పుల రోజుల్లో వారానికోసారి మామూలు పైపు నీళ్లతో కడగండి, ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే కండెన్సర్ రేకులు వంగిపోతాయి. బండి వారంటీలో ఉందో లేదో, ఏ సంవత్సరం మోడలో రాయండి. నాదానికి సరిపోతే నా దగ్గర అట్ట అచ్చు ఇంకా ఉంది, కొలతలన్నీ ఇక్కడే పెడతాను.