ముఖం మారిపోకుండా ఫేస్‌లిఫ్ట్: ఆపరేషన్‌కి ముందు తేల్చుకోవాల్సినవి

"యాభై దాటాయి. నిద్ర చాలట్లేదా అని అందరూ అడుగుతున్నారు. ఫేస్‌లిఫ్ట్ చేయించుకోవాలనుంది గానీ ముఖం లాగి కట్టినట్టు అయిపోతుందేమోనని భయం. చేయించుకున్నవాళ్లు చెప్పండి" అని ఒకరు అడిగారు. ఫేస్‌లిఫ్ట్ అంటే జారిన చెంపల్నీ మెడనీ ఎత్తి సరిచేసే ఆపరేషన్. నేను చేయించుకున్నాను, పైరెప్పలకీ, చెంపల కింది భాగానికీ, మెడకీ. కొన్నేళ్లయింది. నేను చెప్పకుండా కనిపెట్టినవాళ్లు లేరు. మెడికల్ సలహా మీ డాక్టరే ఇవ్వాలి, నా మాటల్ని ఆయన్ని అడగాల్సిన ప్రశ్నలుగా వాడుకోండి.

ముందు ఒక్క మాట. "నాకు ఫేస్‌లిఫ్ట్ కావాలి" అంటూ వెళ్లకండి. ఏది చూసుకుంటే బాధగా ఉందో అది చెప్పండి. ముఖంలో వయసు ఒకే దారిన రాదండీ. చెంపల్లో కండ పట్టు సడలి దవడ మీదకి జారుతుంది. కణతల దగ్గర, కళ్ల కింద కొవ్వు తగ్గిపోతుంది, లోపల ఎముక కూడా కొంత అరుగుతుంది. ఎండకి చర్మం పలచబడి సన్నగీతలు, మచ్చలు వస్తాయి. మూడూ కలిసే కనిపిస్తాయి గానీ మూడింటికీ మందు వేరు. జారినదాన్ని ఫిల్లర్‌తో (ఇంజెక్షన్‌తో చర్మం కింద నింపే జెల్) నింపుకుంటూ పోతే ముఖం ఉబ్బుతుంది. చిక్కిపోయినదాన్ని లాగితే పీక్కుపోతుంది. మచ్చలూ సన్నగీతలూ ఫేస్‌లిఫ్ట్‌తో పోవు, వాటికి లేజరో, పీలో (మందు రాసి చర్మం పైపొర ఊడేలా చేయడం) చూసుకోవాలి. చూడగానే ఏదో చేయించుకున్నారని తెలిసిపోయే ముఖాల్లో చాలావరకు జరిగింది ఈ తారుమారే అని నా అభిప్రాయం.

మీ పాత ఫొటోలు తీసుకెళ్లండి. ముప్పైల్లోవి, మేకప్ తక్కువగా ఉన్నవి, నవ్వుతూ ఒకటి, మామూలుగా ఒకటి. సినిమావాళ్ల ఫొటోలు వద్దు. నా సర్జన్ నా పాత ఫొటో చూసి, "మీ పైరెప్ప అప్పుడు కూడా నిండుగానే ఉంది, దాన్ని లోతుగా చేస్తే వయసు తగ్గదు, మనిషి మారుతుంది" అన్నారు. తర్వాత నన్ను నిటారుగా కూర్చోబెట్టి, వేలితో కనుబొమని కొంచెం పైకి పట్టి అద్దం చూపించారు. రెప్ప మీద పడుతున్న చర్మంలో సగం మాయం! అంటే బరువంతా రెప్పది కాదు, కొంత జారిన కనుబొమది. అది చూడకుండా రెప్ప చర్మం ఎక్కువ కోసేస్తే కనుబొమ ఇంకా కిందికి దిగుతుంది, కన్ను పూర్తిగా మూతపడకపోవచ్చు. కనుబొమకీ రెప్పవెంట్రుకలకీ మధ్య సుమారు 20 మిల్లీమీటర్ల చర్మం మిగలాలన్నది సర్జన్ల లెక్క. నాకు కోసింది చాలా తక్కువ. కళ్లు పొడిబారే ఇబ్బంది ఉంటే మొదటే చెప్పండి, రెప్పల సర్జరీతో అది పెరగొచ్చు. కిందిరెప్ప చేయించుకునేవాళ్లయితే దాన్ని మెల్లగా ముందుకి లాగి వదిలి, ఎంత తొందరగా వెనక్కి అంటుకుంటుందో చూస్తారు. పట్టు లేని రెప్పకి ఆసరా ఇవ్వకుండా చర్మం తీస్తే అది కిందికి తిరిగిపోతుంది.

ఇక లాగడం సంగతి. అద్దం ముందు మనమంతా చెంపల్ని చెవులవైపు అడ్డంగా లాగి చూసుకుంటాం కదా, అక్కడే పొరపాటు. జారింది కిందికి, కాబట్టి ఎత్తాల్సింది ప్రధానంగా పైకి. పైగా బరువు మోయాల్సింది చర్మం కాదు, దాని కింద ఉండే ఎస్‌ఎమ్‌ఏఎస్ అనే పొర. 1976లో దాన్ని ఫ్రాన్స్ సర్జన్లు మిట్జ్, పేరోనీ వివరించాకే ఈ ఆపరేషన్ తీరు మారింది. 1990లో అమెరికా సర్జన్ హామ్రా చెప్పిన డీప్ ప్లేన్ పద్ధతిలో ఆ పొర కిందికి వెళ్లి, దాన్ని పట్టి ఉంచే అతుకుల్ని వదులు చేస్తారు. ఏ పద్ధతి గొప్ప అన్న వాదనలోకి నేను పోను, సర్జన్‌కి ఏది బాగా చేయి తిరిగిందో అదే మేలు. కానీ "బిగువు చర్మం మీద పడుతుందా, లోపలి పొర మీదా?" అని మాత్రం తప్పకుండా అడగండి. చర్మమే బరువు మోస్తే మచ్చ వెడల్పవుతుంది, చెవితమ్మె కిందికి సాగి దవడకి అతికించినట్టు ఉంటుంది.

సర్జన్ చేసిన పాత కేసుల ఫొటోలు చూసేటప్పుడు బుగ్గలు కాదు, చెవి చూడండి. తమ్మె గుండ్రంగా వేలాడుతోందా? చెవి ముందు వెంట్రుకలు ఉన్నచోటే ఉన్నాయా, పైకి జరిగిపోయాయా? ముందూ తర్వాతా ఒకే వెలుతురులో తీశారా? ఏడాది తర్వాతవి, నవ్వుతున్నవి అడగండి. కదలని ముఖంలో చాలా దాగిపోతాయి.

ముట్టుకోకూడనివి కూడా రాసుకోండి. నవ్వితే కళ్ల పక్కన వచ్చే గీతల జోలికి నేను పోలేదు. ముక్కు పక్కనుంచి పెదవి చివరకి వచ్చే గీత తగ్గింది, పోలేదు. పూర్తిగా పోవాలని పట్టుబట్టవద్దు.

పొగతాగే అలవాటుంటే ముందూ వెనకా కనీసం నాలుగేసి వారాలు మానాల్సిందే. నికోటిన్ రక్తనాళాల్ని ముడిచేస్తుంది, ఎత్తిన చర్మం చచ్చిపోవచ్చు. పొగ మానడానికి వాడే గమ్ములూ ప్యాచ్‌లూ కూడా నికోటినే. ఆస్పిరిన్, ఫిష్ ఆయిల్, విటమిన్ ఇ సహా వాడుతున్నవన్నీ చెప్పండి, సొంతంగా మాత్రం ఏదీ ఆపకండి. బరువు తగ్గే ఉద్దేశం ఉంటే ముందే తగ్గి, నిలకడగా ఉన్నాకే వెళ్లండి. బీపీ అదుపులో ఉండాలి. ఫేస్‌లిఫ్ట్‌లో ఎక్కువగా వచ్చే చిక్కు చర్మం కింద రక్తం చేరి గడ్డలా కావడం, అదీ ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే. ఒకవైపు హఠాత్తుగా వాచి నొప్పి పెరిగితే తెల్లారేదాకా ఆగకూడదు. అందుకే ఆ రాత్రి ఫోన్ ఎవరు ఎత్తుతారో, మళ్లీ ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లాల్సొస్తే ఎక్కడో ముందే అడిగి పెట్టుకోండి.

కమిలిన రంగు మామూలుగా రెండు వారాల్లో చాలావరకు పోతుంది. మొదటి వారం అద్దం చూసి కంగారు పడకండి, రెండు వైపులా వాపు ఒకేలా దిగదు. చెవుల చుట్టూ తిమ్మిరి నెలల తరబడి ఉంటుంది, కమ్మలు పెట్టుకుంటుంటే ఎవరి చెవో పట్టుకున్నట్టుండేది నాకు. మచ్చ రంగు కుదురుకోవడానికి ఏడాది దాకా పడుతుంది, అన్నాళ్లూ ఎండ తగలనివ్వకండి. ఇంట్లో ఏదైనా ఫంక్షన్ ఉంటే దానికీ ఆపరేషన్‌కీ మధ్య కనీసం మూడు నెలలు ఉంచుకోండి. ఫొటోలు దిగేది మీరే అయితే ఇంకా ఎక్కువ.