సగం తయారైన జంతువు శిలాజం ఎందుకు దొరకదు?

దొరికిన ప్రతి శిలాజమూ పూర్తి జంతువుదే అయినప్పుడు, వాటిలో కొన్నింటిని పరివర్తన శిలాజాలని ఎలా అంటారని మీరు అడిగారు. సగం తయారైన జంతువు ఎప్పటికీ దొరకదు, ఎందుకంటే అలాంటిది ఉండాలని జీవపరిణామ సిద్ధాంతం చెప్పనే లేదు. తన కాలంలో బతికి, పిల్లల్ని కన్న ప్రతి జీవీ సంపూర్ణ జీవే. పాత వర్గపు లక్షణాలూ, ఆ తరువాత వచ్చిన వర్గపు లక్షణాలూ ఒకే శరీరంలో కలిసి ఉంటే దాన్ని పరివర్తన శిలాజం అంటారు. ఆర్కియోప్టెరిక్స్ అనే పురాతన జంతువుకు పక్షులకుండే ఈకలతో పాటు సరీసృపాల మాదిరి పళ్లూ, ఎముకలతో కూడిన పొడవాటి తోకా ఉన్నాయి. అది నేటి పక్షులన్నిటికీ మూలపురుషుడు కానక్కరలేదు.

నేను జంతుశాస్త్రం బోధిస్తాను. తరగతిలో ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఒక ఉడుము పుర్రెనూ, ఒక కుక్క పుర్రెనూ పక్కపక్కన పెట్టి, కింది దవడలను వేలితో తడిమి చూడమంటాను. ఉడుము దవడలో ఒక్కో పక్కన అనేక ఎముకల అతుకులు వేలికి తగులుతాయి; కుక్కకు ఒక్కో పక్కన ఉన్నది ఒకే ఎముక. ఉడుముకు దవడ కీలు క్వాడ్రేట్, ఆర్టిక్యులర్ అనే ఎముకల మధ్య ఉంటుంది. క్షీరదాల్లో ఆ రెండూ దవడలో కనిపించవు. అవే మధ్య చెవిలోని దాగలి, కూటకం అనే చిన్న ఎముకలని జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ రైషెర్ట్ పిండాల పెరుగుదలను పరిశీలించి 1837లోనే, అంటే డార్విన్ తన సిద్ధాంతాన్ని గ్రంథంగా ప్రచురించడానికి 22 ఏళ్ల ముందే, చూపించాడు.

దీనిపై వచ్చే అభ్యంతరం బలమైనదే: కీలు ఒక ఎముకల జంట నుంచి మరో జంటకు మారుతున్న కాలంలో ఆ జంతువు ఎలా నమిలింది? దీనికి జవాబు సుమారు 20 కోట్ల సంవత్సరాల నాటి మోర్గానుకోడాన్ అనే చిన్న జంతువు పుర్రెలో ఉంది. దానికి పాత కీలూ, క్షీరదాల కొత్త కీలూ ఒకదాని పక్కన ఒకటి, రెండూ ఉన్నాయి. కొత్త కీలు నమిలే బరువును మోస్తుండగా పాత ఎముకలు చిన్నవై, దవడ లోపలి అంచున సన్నగా మిగిలాయి. చెవి ఎముకలు కావలసినవి ఇంకా దవడకు అంటిపెట్టుకుని ఉండే ఈ స్థితిని, అప్పుడే పుట్టిన అపోసమ్ (కడుపు సంచిలో పిల్లల్ని పెంచే క్షీరదం) పిల్లలో నేటికీ చూడవచ్చు. పిండశాస్త్రం ముందే చెప్పిన దాన్ని రాళ్లు తరువాత ధ్రువపరచడమే నాకు అన్నిటికంటే గట్టి సాక్ష్యంగా కనిపిస్తుంది.

విమర్శకుల మాటలో న్యాయం ఉన్న చోటు కూడా చెప్పాలి. కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో 2004లో బయటపడిన టిక్టాలిక్‌ను చేపలకూ నాలుగు కాళ్ల జీవులకూ మధ్య పరివర్తన శిలాజంగా చూపిస్తారు; దాని వయసు సుమారు 37.5 కోట్ల సంవత్సరాలు. పోలండ్‌లోని జహెల్మియేలో దొరికి, 2010లో ప్రచురితమైన, నాలుగు కాళ్ల జీవులవని చెప్పిన అడుగుజాడలు అంతకంటే కోటికి పైగా ఏళ్ల పాతవి. అవి నాలుగు కాళ్ల జీవులవేనా అన్న దానిపై భిన్నాభిప్రాయాలున్నా, వాటిని పక్కన పెట్టేయడం సరికాదు. అందుకే టిక్టాలిక్ నుంచి మనిషి వరకు నేరుగా గీత గీసిన బొమ్మలను నేను తరగతిలో వాడను. చేపకుండే పొలుసులూ రెక్కలూ ఉన్న ఆ శరీరంలోనే, కదిలే మెడా మణికట్టు లాంటి ఎముకలూ ఎలా ఉన్నాయో మాత్రం వివరంగా చూపిస్తాను.