డ్రెడ్ స్కాట్ తీర్పు మీద ఉత్తరాది అమెరికా అంతా మండిపడిందా?

బానిసలుగా ఉన్న డ్రెడ్, హారియెట్ స్కాట్ దంపతులు స్వేచ్ఛ కోసం వేసిన దావాలో, అమెరికా అంతర్యుద్ధానికి ముందు వచ్చిన ఈ తీర్పుపై జనం ఎలా స్పందించారు, ఉత్తరాది మొత్తం వ్యతిరేకించిందా అని అడిగారు. మొత్తం కాదు. కోపం వచ్చినవాళ్లందరి కోపమూ ఒకటి కాదు.

సెయింట్ లూయిస్‌లో ఆరేళ్లు ఉద్యోగం చేశాను. స్కాట్ దంపతుల దావా మొదట విచారణకు వచ్చిన పాత కోర్టు భవనం మా ఆఫీసు నుంచి నడిచిపోయేంత దూరం. బయట డ్రెడ్, హారియెట్ చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డ కంచు విగ్రహం ఉంటుంది. మా నాన్న కోర్టులో గుమాస్తాగా రిటైరయ్యారు. ఆయన్ని తీసుకెళ్లినప్పుడు, 1846లో వేసిన దావాకు 1857లో తుది తీర్పు వచ్చిందని చెప్పాను. "పదకొండేళ్లు తిరిగారా!" అని చాలాసేపు అక్కడే నిలబడిపోయారు.

1857 మార్చి 6న అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ తీర్పు చదివారు. నల్లవారు అమెరికా పౌరులు కాలేరన్నారు. ఇంకా రాష్ట్రాలు కాని పడమటి భూభాగాల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు లేదన్నారు. దక్షిణాది పత్రికలు పండగ చేసుకున్నాయి. రెండు రోజుల ముందే ప్రమాణం చేసిన అధ్యక్షుడు బుకానన్, ఇక గొడవ సద్దుమణుగుతుందని నమ్మారు. ఉత్తరాదిలోనూ ఆయన పార్టీవాళ్లైన డెమోక్రాట్లు చాలామంది కోర్టు మాటకు తలవంచాల్సిందే అన్నారు.

హొరేస్ గ్రీలీ నడిపే న్యూయార్క్ ట్రిబ్యూన్ మాత్రం, వాషింగ్టన్ సారా దుకాణంలో చేరినవాళ్ల అభిప్రాయానికి ఎంత విలువో దీనికీ అంతేనని రాసింది. జూన్‌లో, తర్వాత అధ్యక్షుడైన లింకన్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, తీర్పు తప్పు, మార్పించడానికి ప్రయత్నిస్తాం, కానీ ఎదురు తిరగం అన్నారు. నిజం చెప్పాలంటే ఉత్తరాది తెల్లవారిలో ఎక్కువమంది బాధ భూమి గురించి. బానిసల యజమానులు పడమటికొస్తే తమకు పొలం, కూలి దక్కవని భయం. పక్కింటి నల్లవాడికి పౌరసత్వం లేదన్నందుకు కాదు. చాలా ఉత్తరాది రాష్ట్రాల్లో అప్పటికి నల్లవారికి ఓటే లేదు మరి.

అసలు దెబ్బ తగిలినవాళ్లు ఏమన్నారో చూడాలి. ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో నల్లవారి సభ జరిగింది. ఇలాంటి ప్రభుత్వానికి మేం విధేయులుగా ఉండనక్కర్లేదని నల్లవారి నాయకుడు రాబర్ట్ పర్విస్ తెగేసి చెప్పారు. మే నెలలో, బానిసత్వం నుంచి తప్పించుకొచ్చి నాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్ మాత్రం, నా ఆశ ఇంతకుముందు ఎన్నడూ ఇంత బలంగా లేదన్నారు. ఈ అన్యాయమే జనాన్ని నిద్రలేపుతుందని ఆయన నమ్మకం.

నన్ను కదిలించింది హారియెట్. ఆ జూన్‌లో ఫ్రాంక్ లెస్లీ సచిత్ర వారపత్రిక వాళ్లు ఇల్లు వెతుక్కుంటూ వెళితే ఆమె అనుమానంగా చూసింది. డ్రెడ్‌ను ఊరూరా తిప్పి డబ్బు చేసుకోవచ్చన్న మాటకు, మా కష్టంతో మేం బతకగలం, అలాంటి డబ్బు మాకొద్దంది. బట్టలుతికి బతికే మనిషి. దావా ఓడినా, కొత్త యజమాని విడిచిపెట్టడంతో అప్పటికి వాళ్లకు స్వేచ్ఛ వచ్చి నెల రోజులే.

మరుసటేడు సెప్టెంబర్‌లో డ్రెడ్ క్షయతో చనిపోయాడు. ఆయన సమాధిపై జనం లింకన్ బొమ్మున్న పెన్నీలు (ఒక సెంటు నాణేలు) పెట్టి వెళ్తారు. టానీ మాటను కొట్టేస్తూ, అమెరికాలో పుట్టినవాళ్లు పౌరులేనన్న 14వ రాజ్యాంగ సవరణ 1868లో వచ్చింది. సెయింట్ లూయిస్‌లో పుట్టిన మా పాప అమెరికా పౌరురాలైంది దాని వల్లే. హారియెట్ 1876 దాకా బతికింది కాబట్టి అది చూసింది.

"ఆవిణ్ణి ఎక్కడ పెట్టారు?" అని నాన్న అడిగారు. డ్రెడ్ పక్కన కాదు. వేరే చోటున్న గ్రీన్‌వుడ్ శ్మశానంలో. ఆ సంగతి చాలాకాలం ఎవరికీ తెలియలేదు. మర్నాటి ఆదివారం అక్కడికీ వెళ్లాం.