ఆ ముళ్ల చెట్టు జమ్మి

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివానమ్మా. మీ కంచిలి కుర్రాడు రోజూ రాత్రి కంచం కడిగిన నీళ్లు తీసుకెళ్లి పొద మొదట్లో పోస్తాడే, ఆ చోటు బాగుంది. దాన్ని ముట్టుకోకు. మిగతాది చదువుతుంటే మాత్రం కోపం వచ్చింది. రాజస్థాన్ ఎడారిలో జైసల్మేర్ దగ్గర సోలార్ ప్లాంటులో ఏడాది పని చేసినవాడు ఆ దేశాన్ని "చచ్చిన ఇసుక, ఏవో ముళ్ల చెట్లు" అని తేల్చేస్తాడా? జీడితోటల్లో పుట్టి పెరిగినవాడు కొత్త ఊళ్లో దిగితే ముందు చూసేది మట్టినీ, చెట్టునే.

ఆ ముళ్ల చెట్టు జమ్మి. వాళ్లు ఖేజ్డీ అంటారు. దసరాకి మనం ప్రదక్షిణ చేసి ఆకు తెచ్చుకునే చెట్టే. వేరు బాగా లోతుకి దిగుతుంది గనక, తక్కినవన్నీ మాడిపోయే ఎండాకాలంలో అది కొత్త ఆకు వేస్తుంది. రాలిన ఆకు కుళ్లి, వేళ్లలో ఉండే సూక్ష్మజీవులు గాల్లో నత్రజనిని పట్టి ఇచ్చి, దాని కింద నేల చుట్టుపక్కల నేలకంటే సారంగా ఉంటుంది. అందుకే అక్కడి రైతులు చేలో జమ్మిని ఉంచుకుని, దాని కిందే సజ్జ వేసుకుంటారు. 1730లో ఖేజడ్లీ అనే ఊళ్లో రాజుగారి మనుషులు ఈ చెట్లు నరకడానికి వస్తే, అమృతాదేవి మొదలుకొని 363 మంది బిష్ణోయిలు, అంటే పచ్చని చెట్టు కొట్టకూడదని నమ్మే ఒక భక్తి శాఖవాళ్లు, చెట్లని కావలించుకుని ప్రాణాలిచ్చారని చెప్పుకుంటారు. ఏడాది పాటు ప్లాంటులో పక్కన పనిచేసిన అక్కడివాళ్లు ఎవరూ నీ కుర్రాడికి ఈ సంగతి చెప్పకుండా ఉంటారా?

ఇక చచ్చిన ఇసుక మాట. ఎడారుల్లో కదలకుండా నిలిచిన ఇసుక మీద చాలాచోట్ల పల్చటి పెచ్చు కడుతుంది. వేలితో నొక్కితే చిట్లుతుంది. అది ఉత్త మట్టి పెచ్చు కాదు. కంటికి కనిపించని నీలి ఆకుపచ్చ నాచు బంక దారాలతో ఇసుక రేణువుల్ని కలిపి పట్టుకుంటుంది. దాని వల్ల గాలికి ఇసుక లేవదు. నెలల తరబడి ఎండిపోయి పడుంటుంది, నాలుగు చినుకులు పడగానే లేచి ఆకుపచ్చబడుతుంది, నత్రజని కూడబెడుతుంది. దాని మీద జీపు ఒక్కసారి వెళ్తే మళ్లీ కట్టడానికి దశాబ్దాలు పట్టొచ్చు. నీ కథలో జీపులు తెగ తిరుగుతాయి. చక్రాల కింద ఏం పోతోందో ఒక్క వాక్యం లేదు.

నేల ఎలా బతుకుతోందో తెలుసుకోకుండా దాని మీద మనిషి కష్టం రాయకూడదు. ఈ మాట మీద నేను చాలామందితో తగువు పడ్డాను. బారువ ఒడ్డున ఇసుక దిబ్బల్ని పట్టి ఉంచే ఊదాపూల తీగ గురించి ఒక కథలో రాస్తే, ఒక వారపత్రిక సంపాదకుడు "మట్టి గురించి ఎవరు చదువుతారండీ" అని ఆ పేరాలు తీసేసి, శవం ముందు ఏడుపు మాత్రం ఉంచాడు. తీగ లేకపోయాక ఆ ఊళ్లోకి ఇసుక ఎందుకొచ్చిందో చదివినవాళ్లకి అర్థం కాలేదు. ఇప్పటి పోటీ కథలూ అంతే. నాలుగు యాస మాటలు, ఒక వలస, ఒక చావు, వెనకాల బొమ్మలా ఎడారి. నువ్వు ఆ దారి పట్టకు.

నీళ్లు పోసే ఆ ఘట్టం నన్నెందుకు పట్టుకుందో చెప్తాను. అమెరికాలోని యూటాలో సేజ్‌బ్రష్ అనే పొద మీద రిచర్డ్స్, కాల్డ్‌వెల్ అనే ఇద్దరు పరిశోధన చేసి 1987లో ప్రకటించారు. పగలు ఆకులు నీటిని లాగేస్తాయి. రాత్రి ఆ లాగుడు ఆగగానే లోతు వేళ్లలోని తేమ పైవేళ్ల గుండా ఎండిన పైమట్టిలోకి ఊరుతుంది. పక్కనున్న గడ్డి కూడా ఆ తడి తాగుతుందని తర్వాత తేలింది. నీ కుర్రాడు రాత్రిపూట చేసే పని పొదలు కూడా చేస్తాయమ్మా. నీకు తెలియకుండానే సరైన చోట చెయ్యి పెట్టావు.

నువ్వడిగిన కలంపేరు సంగతి తర్వాత చూద్దాం. ముందు మూడో భాగం తిరగరాయి. స్తంభాలకి గోతులు తవ్వడం కదా వాడి పని. ఏడాదికి ఇంచుమించు 200 మిల్లీమీటర్ల వాన పడే నేల అది, మనకి వెయ్యి దాటుతుంది. ఆ కాస్త వాన మట్టిలోని సున్నాన్ని కరిగించుకుని కొంత లోతు దిగి, అక్కడే ఆరిపోతుంది. సున్నం తెల్లటి గడ్డలుగా మిగులుతుంది. వాడి గడ్డపారకి ఆ గడ్డలు తగలనీ. వాన ఎంత లోతు దిగుతుందో వాడి కళ్లతో వాడినే చూడనీ. రాశాక పోటీకి కాదు, ముందు నాకు పంపు.